ఆ స్పాంజ్‌ని వారం వారం కుళాయి కింద కడగకండి

ప్రశ్న: మా బాబు సరదా పడ్డాడని రెండు నెలల కిందట ఇంట్లో 60 లీటర్ల అక్వేరియం పెట్టాం. ఆరు గప్పీలు, ఆరు నియాన్ టెట్రాలు, రెండు చిన్న గోల్డ్ ఫిష్ వేశాం. ఎయిర్ పంప్‌తో నడిచే స్పాంజ్ ఫిల్టర్ ఒకటి ఉంది. స్పాంజ్‌కి తొందరగా మురికి పడుతోందని ప్రతి ఆదివారం కుళాయి కింద పెట్టి, తేట నీళ్లు వచ్చేదాకా పిండి కడుగుతున్నాను. పంప్ చప్పుడుకి బాబుకి నిద్ర పట్టడం లేదని రాత్రి పదింటికి ఆపేసి, పొద్దున ఆరింటికి మళ్లీ వేస్తున్నాం. ఇంత శుభ్రంగా చూసుకుంటున్నా నీళ్లు పాలు కలిపినట్టు ఉంటున్నాయి. ఈ నెలలోనే మూడు గప్పీలు, రెండు టెట్రాలు చనిపోయాయి. పొద్దున లేచి చూస్తే మిగతావి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మావారేమో ఈ ఫిల్టర్ పనికిరాదు, మోటర్ ఉన్న పెద్దది కొందాం అంటున్నారు. నిజంగా ఇది పనికిరానిదేనా? బుడగలు ఇంకా ఎక్కువ వచ్చేలా చేస్తే సరిపోతుందా? కరెంటు పోతే ఏం చేయాలి? ఇంకొకటి, ఇది మా బాబు ప్రశ్న: చేపలు ఆ బుడగల్లో గాలే పీలుస్తాయా?

సమాధానం: ముందు రెండు పనులు చెబుతాను. మిగతా ఉత్తరం తర్వాత చదువుకున్నా ఫర్వాలేదు. ఈ రాత్రి పంప్ ఆపకండి. వచ్చే ఆదివారం స్పాంజ్ కడగకండి.

మీ ఫిల్టర్ పనికిరానిది కాదు. మీ ఇంట్లో ఉన్న రకం చేపలకు, ఆ సైజు తొట్టికి ఇంతకంటే నమ్మకమైన ఫిల్టర్ ఇంకోటి ఉందని నేను అనుకోను. చేపల పిల్లల్ని పెంచేవాళ్లు, రొయ్యలు పెంచేవాళ్లు దశాబ్దాలుగా దీన్నే వాడుతున్నారు. చేపలు పోవడానికి మీ అశ్రద్ధ కూడా కారణం కాదు. వారం తప్పకుండా కడిగే మనిషికి అశ్రద్ధ ఎక్కడిది? కాకపోతే ఆ స్పాంజ్ లోపల ఏం జరుగుతోందో మీకు ఎవరూ చెప్పలేదు. నాకూ మొదట్లో ఎవరూ చెప్పలేదు. ఊరికి వెళ్లేముందు అన్నీ శుభ్రంగా ఉండాలని స్పాంజ్‌ని కుళాయి కింద బాగా కడిగిపెట్టి వెళ్లాను. నాలుగో రోజు తిరిగొచ్చేసరికి తొట్టిలో సగం చేపలు లేవు. ఆ తొట్టి ముందు నిలబడ్డ పొద్దు ఇప్పటికీ గుర్తుంది. అందుకే మీ ఉత్తరానికి కాస్త వివరంగా రాస్తున్నాను.

స్పాంజ్ ఫిల్టర్ అంటే మురికిని వడకట్టే జల్లెడ అని చాలామంది అనుకుంటారు. వడకట్టడం దానికి చిన్న పని. అసలు పని ఇది: చేపలు మొప్పల ద్వారా, మలం ద్వారా అమ్మోనియా వదులుతాయి. తినకుండా మిగిలిన మేత కుళ్లినా అమ్మోనియానే వస్తుంది. ఇది చేపలకు విషం. రంగు లేదు, మన ముక్కుకు తెలిసేంత వాసన ఉండదు, నీళ్లు అద్దంలా మెరుస్తూ ఉన్నా అందులో ఉండొచ్చు. స్పాంజ్‌లోని సన్నని రంధ్రాల గోడలకు ఒక రకం బ్యాక్టీరియా అంటుకుని బతుకుతుంది. అది అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, చేప రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి పోగొడుతుంది. నైట్రేట్ మాత్రం అంత ప్రమాదం కాదు. మొక్కలు కొంత పీల్చుకుంటాయి, మిగతాది వారానికోసారి మీరు నీళ్లు మార్చినప్పుడు పోతుంది.

ఈ బ్యాక్టీరియా గురించి 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ మట్టిని పరిశీలించి మొదట తేల్చి చెప్పాడు. అక్వేరియంల విషయానికి వస్తే, నైట్రైట్ పని నైట్రోబాక్టర్ చేస్తుందని చాలాకాలం అందరూ రాసుకున్నారు. 1998లో టిమోతీ హోవానెక్ బృందం మంచినీటి అక్వేరియంలు పరీక్షించి, అక్కడ ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా జాతి అని చూపించింది. 2015లో ఇంకా ఆశ్చర్యపరిచే సంగతి బయటపడింది: నైట్రోస్పైరాలోనే కొన్ని రకాలు అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా మొత్తం పని ఒక్కటే చేసేస్తాయి. ఈ పేర్లు మీరు గుర్తుపెట్టుకోనక్కరలేదు. మీ ఆదివారం పనికి సంబంధించిన సంగతి ఒక్కటే ఉంది. ఇవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి. పాలు విరగ్గొట్టే రకం లాంటి కొన్ని బ్యాక్టీరియాలు అనుకూలంగా ఉంటే అరగంటలో రెట్టింపు అవుతాయి. ఇవి రెట్టింపు కావడానికి రోజు దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. అందుకే కొత్త తొట్టి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు అంటారు.

ఇప్పుడు మీ లెక్క చూడండి. తొట్టి పెట్టి రెండు నెలలు. కానీ స్పాంజ్ వయసు ఎప్పుడూ వారం దాటలేదు. కుళాయి నీళ్లలో సూక్ష్మజీవుల్ని చంపడానికే క్లోరిన్ గానీ క్లోరమిన్ గానీ కలుపుతారు. అది మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా అని చూడదు. ఆ ధార కింద పెట్టి గట్టిగా పిండితే వారమంతా కష్టపడి పెరిగినవాటిలో చాలావరకు పోతాయి. సోమవారం నుంచి చేపలు వదిలే అమ్మోనియాను పట్టించుకునేవాళ్లు తొట్టిలో దాదాపుగా ఉండరు. మళ్లీ కొంచెం పుంజుకునేసరికి ఆదివారం వచ్చేస్తుంది.

కడగడం అసలు మానేయమని కాదు, పద్ధతి మార్చమంటున్నాను. ఎలా చేయాలో నా చేత్తో చేసినట్టే చెబుతాను. నీళ్లు మార్చే రోజున తొట్టిలోంచి తీసిన నీళ్లనే ఒక బకెట్‌లో సగం దాకా ఉంచుకోండి. పంప్ ఆపండి. ఒక పాలిథిన్ కవర్‌ని నీళ్లలోకి దించి, స్పాంజ్ కింద నుంచి దాన్ని తొడిగినట్టు చుట్టేసి, కవర్‌తో సహా పైకి తీయండి. కవర్ లేకుండా లాగితే పట్టిన మడ్డి అంతా పొగలా తొట్టిలోకి చిమ్ముతుంది. బకెట్‌లో ముంచి నాలుగైదు సార్లు మెల్లగా నొక్కి వదలండి. టీ డికాషన్ రంగులో మురికి దిగుతుంది. ఇంకా దిగుతోంది కదా అని మరో పది సార్లు పిండకండి. గాలి, నీళ్లు ఆడేలా రంధ్రాలు తెరుచుకుంటే చాలు. గోధుమరంగు కొంచెం మిగిలే ఉండాలి. ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి: బాగా పనిచేస్తున్న స్పాంజ్‌కి తడి మట్టి వాసన ఉంటుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే లోపల గాలి ఆడక పాడవుతోందని అర్థం, అలాంటప్పుడు మాత్రం ఇంకాస్త ఎక్కువగా పిండాలి. సబ్బు, డిటర్జెంట్, వేడినీళ్లు దగ్గరికి రానివ్వకండి.

ఇది ఎన్ని రోజులకోసారి? క్యాలెండర్ చూసి కాదు, స్పాంజ్‌ని చూసి. బుడగలు అదే జోరుతో వస్తున్నా గొట్టం పైనుంచి వచ్చే నీటి ఉరవడి తగ్గినప్పుడు, స్పాంజ్ లోపలికి పీక్కుపోయినట్టు కనిపించినప్పుడు కడగండి. మీ తొట్టి కుదురుకున్నాక ఇది మూడు నాలుగు వారాలకోసారి అవుతుంది. స్పాంజ్ కడిగిన రోజే అడుగున గులకరాళ్లు కూడా కడిగేయకండి. బ్యాక్టీరియా వాటి మీద కూడా ఉంటుంది, రెండూ ఒకేసారి పోకూడదు. ఇంతకీ స్పాంజ్ గోధుమరంగుకు తిరిగితే మురికి అనుకుని మనసు ఒప్పుకోదు, నాకు తెలుసు. ఆ రంగుని ఒక నెల ఓర్చుకోండి.

ఇక రాత్రి ఆపడం. పొద్దున చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడానికి కారణం ఇదే అయి ఉంటుంది. నీళ్లు వెచ్చబడే కొద్దీ వాటిలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల దాకా కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు మించదు. రాత్రి లైటు తీసేశాక మొక్కలు ఉంటే అవి కూడా ప్రాణవాయువును తీసుకుంటాయే తప్ప ఇవ్వవు. చేపలకు కావాలి, బ్యాక్టీరియాకు కావాలి. అమ్మోనియాలోని ఒక గ్రాము నైట్రోజన్‌ని నైట్రేట్‌గా మార్చడానికి సుమారు నాలుగున్నర గ్రాముల ప్రాణవాయువు ఖర్చవుతుంది. పంప్ ఆగితే నీళ్లు కదలవు, స్పాంజ్ లోపలికి కొత్త నీరు రాదు. లోపల ఉన్న ప్రాణవాయువు కొన్ని గంటల్లో అయిపోతుంది, మన బ్యాక్టీరియా పని ఆపేస్తుంది, దాని బదులు కుళ్లబెట్టే రకాలు మొదలుపెడతాయి. మీరు పొద్దున ఆరింటికి స్విచ్ వేయగానే ఎనిమిది గంటలు లోపల మగ్గిన ఆ నీరంతా తొట్టిలోకి వస్తుంది. అప్పటికే ఊపిరాడక పైకొచ్చిన చేపల మీదికి.

స్పాంజ్ ఫిల్టర్‌ని 24 గంటలూ నడపాలి. ఇందులో సర్దుబాటు లేదు. మరి బాబు నిద్ర? అదీ ముఖ్యమే, దానికి దారి ఉంది.

చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో ముందు పట్టుకోండి. రాత్రి గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు పంప్‌ని చేత్తో పట్టుకుని బల్ల మీదినుంచి రెండంగుళాలు పైకి ఎత్తండి. రొద ఒక్కసారిగా తగ్గితే పంప్ కంటే బల్లే ఎక్కువ మోగుతోందన్నమాట. మందంగా ఉన్న ఫోమ్ ముక్క మీద పెట్టండి, గోడకు గానీ తొట్టి అద్దానికి గానీ ఆనకుండా చూడండి. గాలి గొట్టం కూడా చెక్కకు తగులుతూ అదురుతుంటుంది, దాన్నీ విడదీయండి. ఎత్తినా రొద తగ్గకపోతే లోపల గాలిని తోసే రబ్బరు పొర (డయాఫ్రం) అరిగి ఉండొచ్చు, చాలా పంపులకు ఆ ముక్క విడిగా దొరుకుతుంది. చప్పుడు వద్దని పంప్‌కి దుప్పటి చుట్టడం, పెట్టెలో మూసేయడం మాత్రం చేయకండి, వేడెక్కి పాడవుతుంది.

రెండో రకం చప్పుడు పెద్ద బుడగలు గడగడమని పగలడం. మీ ఫిల్టర్‌లో గాలి గొట్టం నేరుగా నిలువు గొట్టంలోకి వెళ్తుంటే ఇదే ఎక్కువ వినిపిస్తుంది. దాని చివర చిన్న ఎయిర్ స్టోన్ (గాలిని సన్నని బుడగలుగా విడగొట్టే రాయి) తగిలించి లోపల పెట్టండి. చాలా స్పాంజ్ ఫిల్టర్లలో దానికి చోటు ఉంటుంది. గడగడ పోయి సన్నని సవ్వడి మిగులుతుంది, పైగా నీళ్లు కూడా సాఫీగా లేస్తాయి. ఎయిర్ స్టోన్ కొన్ని నెలలకు మూసుకుపోతుంది, బుడగలు తగ్గితే దాన్ని మార్చాలి. ఇంత చేసినా నిద్ర పట్టకపోతే తొట్టిని ఆ గదిలోంచి మార్చడమే మంచిది.

పంప్ గదిలోని గాలినే తీసి నీళ్లలోకి పంపుతుంది కాబట్టి ఇంకో జాగ్రత్త చెప్పాలి. ఆ గదిలో దోమల స్ప్రే, బొద్దింకల స్ప్రే కొట్టకండి. ఇలాంటి మందుల్లో చాలావాటిలో ఉండే పైరిథ్రాయిడ్లు చాలా కొద్ది మోతాదులో కూడా చేపల్ని చంపుతాయి. పెయింట్, వార్నిష్ వేస్తున్నప్పుడు కూడా అంతే. తప్పనిసరైతే పంప్‌ని వేరే గదిలో పెట్టి పొడవాటి గొట్టంతో గాలి ఇవ్వండి, తొట్టి మీద మూత వేయండి.

బుడగలు పెంచితే సరిపోతుందా అన్నారు. కొంత మేరకే. ఈ ఫిల్టర్‌లో మోటర్ నీళ్లను తోయదు. నిలువు గొట్టంలోకి గాలి వెళ్తే అక్కడ నీరూ గాలీ కలిసి తేలికవుతుంది, చుట్టూ ఉన్న బరువైన నీరు దాన్ని పైకి నెడుతుంది. ఆ ఖాళీని పూరించడానికి తొట్టిలో నీరు స్పాంజ్‌లోంచి లోపలికి వస్తుంది. అంతే దీని యంత్రం. గాలి మరీ ఎక్కువైతే గొట్టం అంతా గాలితోనే నిండిపోయి నీటికి చోటు ఉండదు. ఉరవడి పెంచాలంటే గాలి కంటే గొట్టం పొడవు ఎక్కువ ఉపయోగం. స్పాంజ్ తొట్టి అడుగున ఉండి, నిలువు గొట్టం నీటి పైమట్టం దాకా వస్తే నీళ్లు బాగా లేస్తాయి. మీది మధ్యలోనే ఆగిపోయి ఉంటే ఆ సైజు గొట్టం ముక్క ఒకటి తొడగండి. పంప్ గాలి ఎక్కువైందనిపిస్తే గొట్టాన్ని నులిమి కట్టేయకండి, డయాఫ్రం మీద ఒత్తిడి పడుతుంది. రెండు దారుల వాల్వ్ పెట్టి, మిగిలిన గాలిని రెండో దారిలోంచి బయటికి వదిలేయండి.

మీవారి మాటకు వద్దాం. పెద్ద ఫిల్టర్ కొంటే తప్పేమీ లేదు, కానీ ఇప్పుడు కొంటే మళ్లీ సున్నా నుంచే మొదలవుతుంది. కొత్త ఫిల్టర్‌లో బ్యాక్టీరియా ఉండదు. అదీ కుళాయి కింద కడిగితే ఇదే కథ. వడకట్టడంలో, కంటికి మెరిసేలా నీళ్లు పెట్టడంలో మోటర్ ఫిల్టర్లదే పైచేయి, ఒప్పుకుంటాను. స్పాంజ్ తొట్టిలో చోటు తింటుంది, చూడ్డానికి అందంగానూ ఉండదు. కానీ గప్పీ పిల్లల్ని లోపలికి లాగేయదు, నెమ్మదిగా ఈదే చేపల్ని ఉరవడితో విసిగించదు, చెడిపోవడానికి తొట్టి లోపల తిరిగే భాగమే లేదు. నన్నడిగితే ఇంకో చిన్న స్పాంజ్ ఫిల్టర్ తెచ్చి రెండో మూలన పెట్టమంటాను. అప్పుడు ఒకటి ఈ నెల, రెండోది వచ్చే నెల కడగొచ్చు, ఎప్పుడూ ఒకటి పనిలో ఉంటుంది. కొనేటప్పుడు అంగుళానికి 20 నుంచి 30 రంధ్రాలున్న రకం అడగండి, మరీ మెత్తని స్పాంజ్ తొందరగా పూడుకుపోతుంది. కొత్త స్పాంజ్ నీళ్లలో తేలుతుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలో ముంచి, మునిగి ఉండగానే పిండితే లోపలి గాలి పోయి కూర్చుంటుంది.

చేపల సంగతి ఒకటి చెప్పక తప్పదు. ఆ రెండు గోల్డ్ ఫిష్‌ని ఈ తొట్టిలో ఉంచకండి. ఇప్పుడు చిన్నవిగా ఉన్నాయి కానీ అరచేతిని మించి పెరుగుతాయి, బాగా తింటాయి, మిగతా అన్ని చేపలూ కలిసి వదిలేంత వ్యర్థం ఇవి రెండే వదులుతాయి. వాటికి చల్లని నీళ్లు నచ్చుతాయి, గప్పీలకూ టెట్రాలకూ వెచ్చని నీళ్లు కావాలి. పెరిగాక నోట పట్టినంత టెట్రాని మింగేస్తాయి కూడా. పెద్ద తొట్టో, తగినంత పెద్ద చెరువు లాంటి తొట్టో ఉన్న తెలిసినవాళ్లకు ఇవ్వండి. బయట కాలువలోనో చెరువులోనో వదలకండి, అక్కడి చేపలకు కీడు. బాబు బాధపడతాడని తెలుసు, కానీ వాటి మేలుకే అని వాడికి చెప్పొచ్చు.

ఆ పాలలాంటి మసక గురించి. మంచి బ్యాక్టీరియా లేని తొట్టిలో, మిగిలిన మేతను తిని వేగంగా పెరిగే వేరే బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉంటుంది. మీకు కనిపించే తెలుపు అదే. స్పాంజ్ అంత సన్నని వాటిని వడకట్టలేదు. నీళ్లు తేటపరిచే మందులు పోయకండి. మేత తగ్గించి, స్పాంజ్‌ని కదపకుండా ఉంచితే ఒకటి రెండు వారాల్లో దానంతట అదే తేటబడుతుంది.

అయితే ఆ రెండు వారాలే అసలు టెన్షన్. ఎందుకంటే మీ స్పాంజ్ ఇప్పుడు మళ్లీ మొదటినుంచి పెంచుకోవాలి, తొట్టిలో చేపలు ఉన్నాయి. అమ్మోనియా, నైట్రైట్ చూసే టెస్ట్ కిట్ ఒకటి తెచ్చుకోండి, చుక్కలు వేసే రకం స్ట్రిప్‌ల కంటే నమ్మకం. ఒక మూడు నాలుగు వారాలు రోజూ చూడండి. రెండిట్లో ఏది 0.5 పీపీఎం (లీటరుకు అర మిల్లీగ్రాము) దాటినా ఆ రోజే మూడో వంతు నుంచి సగం దాకా నీళ్లు మార్చండి. కొత్త నీళ్లలో ముందే క్లోరిన్ తీసే మందు కలపాలి. బకెట్‌లో రాత్రంతా ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది కానీ క్లోరమిన్ పోదు, అందుకే మందే మేలు. నీటి వేడి తొట్టితో సమానంగా ఉండాలి. కిట్‌లో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) కూడా ఉంటే చూడండి. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే, అదే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు పది రెట్లు అవుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ వరసగా వారం పాటు సున్నా చూపించి, నైట్రేట్ మాత్రం కనిపిస్తుంటే స్పాంజ్ కుదురుకున్నట్టు. అంతవరకు మేత రోజు విడిచి రోజు, రెండు నిమిషాల్లో తినేసేంత. కొత్త చేపలు వద్దు, పోయినవాటి బదులు తెచ్చి వేయడం అసలే వద్దు.

తెలిసినవాళ్లెవరికైనా ఏడాది పైబడి బాగున్న తొట్టి ఉంటే, జబ్బు చేపలు లేవని నిర్ధారించుకుని, వాళ్ల స్పాంజ్ ఒకటి అడగండి. తడి ఆరనివ్వకుండా ఆ తొట్టి నీళ్లలోనే తెచ్చి మీ దాని పక్కన పెడితే వారాల పని రోజుల్లో అవుతుంది. మీ తొట్టి కుదురుకున్నాక మీరు కూడా ఒక అదనపు స్పాంజ్‌ని అందులో నడుపుతూ ఉంచుకోండి. చేపకు జబ్బు చేసి విడిగా చిన్న తొట్టిలో ఉంచాల్సి వస్తే అది తీసి అందులో పెట్టొచ్చు. మందులు పడ్డ స్పాంజ్‌ని మాత్రం తిరిగి పెద్ద తొట్టిలోకి తేకూడదు.

కరెంటు పోతే: గంటా రెండు గంటలకు కంగారు పడనక్కరలేదు. అంతకన్నా ఎక్కువైతే మేత వేయకండి. గ్లాసుతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ ఉంటే కొంత ప్రాణవాయువు కలుస్తుంది. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంప్ ఇంట్లో ఉంటే అదే గొట్టానికి తగిలిస్తే సరి. మోటర్ ఫిల్టర్‌కి ఈ వీలు ఉండదు, స్పాంజ్ ఫిల్టర్ అంటే నాకు ఇష్టం కలగడానికి ఇదొక కారణం. సగం రోజు పైగా ఆగిపోతే, మళ్లీ నడిపేముందు స్పాంజ్‌ని తొట్టి నీళ్లున్న బకెట్‌లో రెండుసార్లు నొక్కి, ఆ మగ్గిన నీటిని బయట పారబోసి పెట్టండి. ఇంకో ముఖ్యమైన సంగతి. పంప్ నీటి మట్టం కన్నా కింద ఉంటే, కరెంటు పోగానే నీళ్లు గొట్టంలోంచి వెనక్కి పంప్‌లోకి దిగొచ్చు. పంప్ పాడవుతుంది, నేల తడుస్తుంది, తడిచిన చోట కరెంటు ఉంటుంది. పంప్‌ని తొట్టి పైమట్టం కన్నా ఎత్తులో పెట్టండి. కుదరకపోతే గొట్టం మధ్యలో నీళ్లను వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టండి. పెట్టేముందు నోటితో ఊది చూడండి, పంప్ వైపు నుంచి ఊదితే గాలి పోవాలి, తొట్టి వైపు నుంచి పోకూడదు.

చివరగా బాబు ప్రశ్న. చేపలు బుడగల్ని పీల్చవు. నీళ్లలో కరిగిన ప్రాణవాయువునే మొప్పలతో తీసుకుంటాయి. బుడగ నీళ్లలో ఉన్నంతసేపు కొంచెం కరుగుతుంది, కానీ పైకొచ్చి నీటి పైపొరను కదిలించడం వల్ల గాలిలోంచి కరిగేది అంతకంటే ఎక్కువ. వాడికి ఒకటి చూపించండి. లైటు వేసి, చిటికెడులో సగం కూడా లేని మేత పొడిని వేళ్ల మధ్య నలిపి, స్పాంజ్ పక్కనే నీటి లోపల వదలండి. గదిలో అందరూ కదలకుండా చూడండి. ఒక్కో నలుసు కాసేపు తచ్చాడి, మెల్లగా స్పాంజ్ వైపు తిరిగి, దానికి అతుక్కుంటుంది. గొట్టం పైనుంచి వచ్చే నీరు తొట్టి అంతా తిరిగి మళ్లీ అక్కడికే వస్తుంది. ఒక్క చుట్టుకు ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టమనండి. స్పాంజ్ పూడుకుపోయినప్పుడు ఆ లెక్క పెరుగుతుంది, అప్పుడు కడగాలని మీకు వాడే చెబుతాడు.